పదకొండుకి అన్న, పదకొండున్నరకి తమ్ముడు

ఆమె చెయ్యి చాపింది. నేను పాస్‌పోర్ట్ ఇవ్వలేదు.

"ఇవ్వండి, వివరాలు ఎక్కించుకోవాలి," అంది.

"చూసి ఎక్కించుకోండి. నేను పట్టుకుంటాను."

విదేశాల్లో పనులకు మనుషుల్ని పంపే ఏజెన్సీ అది. అద్దాల కొట్టు పైన, మొదటి అంతస్తులో. ముందు గదిలో ఒక బల్ల, కంప్యూటర్, గోడవారన ముగ్గురు పట్టే బెంచీ. వెనక గదిలో ఏజెన్సీ నడిపే సారు. ముందు గదిలో బల్ల దగ్గర ఆమె. పాస్‌పోర్ట్‌ని బల్ల మీద తెరిచి, రెండు వేళ్ళతో నొక్కిపట్టాను. ఆమె మెడ వంచి, అటునుంచి తలకిందులుగా చదువుకుంటూ టైపు చేసింది. కాసేపటికి ఆగింది.

"మీ బొటనవేలి కింద పుట్టిన తేదీ ఉంది."

వేలు జరిపాను.

"ఇప్పుడు తేదీ కనబడింది. సంవత్సరం మీద చూపుడువేలు పెట్టారు."

దాన్నీ జరిపాను. ఆమె నవ్వలేదు. కానీ నవ్వు ఆపుకునేవాళ్ళకి ముక్కు చివర కొంచెం కదులుతుంది. అది కదిలింది. ఎదురుగా నవ్వునే దాచుకుంటున్న మనిషి ఇంకేమేం దాచుకుంటుందో అనుకున్నాను.

నేను వెల్డర్‌ని. మా ఊరి బళ్ళో పదో తరగతి అయ్యాక మావయ్య షెడ్డులో చేరాను. నాకు మాట తక్కువ. షెడ్డులో అందరూ మూగోడు అనేవారు. నల్లద్దం వెనక నిలబడి చేసే పనిలో నోటికి పెద్దగా పని ఉండదు, కంటికే ఉంటుంది. మాకు పైపుల పని ఇచ్చే ఫ్యాక్టరీ మూతపడ్డాక షెడ్డు వారానికి మూడు రోజులకి దిగింది. ఆ నెలలోనే, సముద్రం అవతల ఒక ఓడల మరమ్మతు యార్డుకి పైపు వెల్డర్ కావాలన్న ప్రకటన కంటబడింది. ఉన్నది ఒక్క ఉద్యోగం. దాన్ని కోరుకున్నంతగా నేను అంతకుముందు దేన్నీ కోరుకోలేదు.

మావయ్య ఒకప్పుడు ఇలాంటి ఆఫీసు ద్వారానే వెళ్ళాడు. కాగితంలో వెల్డర్ అని రాసి, అక్కడ దిగాక సిమెంటు బస్తాలు మోయించారు. అడిగితే, కాగితంలో వెల్డర్ అనే ఉంది కదా, ఇంక నీ ఫిర్యాదు ఏమిటి అన్నారట. ఏడాదిన్నర మోసి వచ్చాడు. అప్పటినుంచి ఎవరైనా నవ్వుతూ 'మీ మంచికే' అంటే చొక్కా జేబు తడుముకుంటాడు.

అత్తయ్య దారి వేరు. ఆవిడ స్నేహితురాలి కొడుకు ఈ అద్దాల కొట్టు మీది ఆఫీసు ద్వారానే వెళ్ళి, చెప్పిన పనే చేసుకుంటున్నాడు. తెలియని దేశానికి తెలిసినవాళ్ళ చెయ్యి పట్టుకునే వెళ్ళాలని ఆవిడ. మన నోరు మనకుండగా ఇంకొకడి నోరు అద్దెకెందుకని మావయ్య. వారం రోజులు ఇద్దరూ నా కంచం ముందు వాదించుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర జవాబు లేదు. అందుకని అత్తయ్య మాట ప్రకారం ముందు ఆఫీసుకి వెళ్ళాను.

ఆమె నా చేత సంతకం పెట్టించే ముందు కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించింది. ఒక చోట ఆగి, తల ఎత్తి మామూలు మాటల్లో చెప్పింది. ఒకే మనిషి రెండు దారుల్లో వస్తే కంపెనీవాళ్ళు రెండు దరఖాస్తుల్నీ పక్కన పెట్టేస్తారట.

"ఇదే యార్డుకి మీరు సొంతంగా పంపారా?"

"లేదు."

"పంపుతారా?"

"పంపను."

అన్నప్పుడు అది నిజమే. మూడు రోజులే నిజంగా ఉంది.

నాలుగో రోజు షెడ్డులో పని లేదు. మావయ్య నా ఫోన్‌లో యార్డువాళ్ళ సొంత దరఖాస్తు తెరిపించి పక్కన కూర్చున్నాడు. ఆ ఆఫీసు అమ్మాయి నీ కాగితం సొరుగులో పడేసి ఊరుకుంటే నీకెలా తెలుస్తుందిరా అన్నాడు. నాకూ అదే అనుమానం ఉంది. దరఖాస్తులో పేరుకి రెండు గళ్ళున్నాయి. మొదటి దాని మీద 'ఫస్ట్ నేమ్' అని ఉంది.

"ఫస్ట్ అంటే మొదటిదే కదరా అల్లుడూ," అన్నాడు మావయ్య.

నేను పేరు ఎప్పుడు రాసినా ఇంటిపేరే ముందు రాస్తాను. బడిలో అలాగే నేర్పారు. మొదట వచ్చేదాన్ని మొదటి గడిలో రాశాను. ఈమధ్య వేసిన పైపు అతుకుల ఫోటోలు రెండు పెట్టమన్నారు, పెట్టాను. ఏజెన్సీకి వేరే రెండు ఇచ్చాను. నొక్కేశాను. వెళ్ళిపోయింది. మావయ్య నా భుజం తట్టాడు. నాకేమో బల్ల అవతలి నుంచి ఆమె చూస్తున్నట్టు అనిపించింది.

ఆ తరవాత పని లేని ప్రతిరోజూ ఆఫీసుకి వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఏదైనా తెలిసిందా అని అడగడం పేరుకి. అసలు పని కనిపెట్టడం. ఎవరు వస్తున్నారు, ఎవరి మొహం ఎలా పెట్టుకుని వెళ్తున్నారు, సారు గది తలుపు ఎప్పుడు మూసుకుంటుంది. ఒకటి పట్టుకున్నాను. ఆమె బల్లకి ఒక సొరుగుంది. లేచిన ప్రతిసారీ దానికి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకునేది. సారు అడిగినా ఇచ్చేది కాదు, తానే వచ్చి తీసేది. అందులో ఏదో ఉందనుకున్నాను.

ఇంకో రెండు సంగతులు కూడా పట్టుకున్నాను గానీ, అవి కేసుకి పనికిరావు. టైపు చేసేటప్పుడు పెదవి కొరుక్కుంటుంది. ఎడమ చెవి వెనక జుట్టు నిలవదు.

"మీరు ఉద్యోగానికి వస్తున్నారా, నా మీద కాపలాకా?" అని ఒకరోజు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

రెంటికీ అన్నాను. అప్పుడు మాత్రం ముక్కు చివరతో ఆగలేదు, నవ్వేసింది. ఆ రోజు నుంచి నేను మెట్లెక్కుతుంటే, కాపలాదారు డ్యూటీకి వచ్చారు అనేది.

మూడో వారం వాన పట్టుకుంది. సాయంత్రం ఆఫీసు మూసే వేళకి మెట్ల కింద ఇరుక్కుపోయాను. అద్దాల కొట్టువాళ్ళు బయట ఆనించిన అద్దాల్లో కూడా వాన పడుతోంది. ఆమె దిగివచ్చి గొడుగు విప్పి, బస్టాపు దాకా రమ్మంది. నేను కదల్లేదు. ఎందుకు రమ్మంటోందో ఆలోచిస్తున్నాను.

"గొడుగు కిందికి రావడానికి కూడా రసీదు కావాలా?"

వెళ్ళాను. చాలా చిన్న గొడుగు. నాలుగడుగులు వేశాక, మీకు మనుషులంటే ఇంత అనుమానం ఎందుకని అడిగింది. మావయ్య సంగతి చెప్పాను. ఆ ఏడాదిలో నేను వరసగా మాట్లాడిన మాటల్లో అవే ఎక్కువ. చెప్పి, ఊరుకోకుండా సొరుగు తాళం సంగతి అడిగాను.

ఆమె కోప్పడలేదు. వాళ్ళ నాన్న ఎలక్ట్రీషియన్. ఇలాంటి ఆఫీసులోనే పాస్‌పోర్ట్ ఇచ్చి మూడేళ్ళు తిరిగాడట. ఇదిగో పిలుపు, అదిగో పిలుపు అంటూ తిప్పారట. చివరికి దాని గడువు సొరుగులోనే తీరిపోయింది.

"అందుకే సొరుగు తాళం నా చేతిలో ఉండే ఉద్యోగం వెతుక్కున్నాను," అంది. "ఏ పూట వచ్చిన పాస్‌పోర్ట్ ఆ పూటే ఇచ్చేస్తాను. సారుకి అది నచ్చదు."

బస్టాపు చేరాక చూస్తే నేను ఎక్కడా తడవలేదు. ఆమె ఎడమ భుజం నుంచి మోచేతి దాకా తడిసిపోయింది. దారంతా గొడుగు నావైపే వంచిందన్నమాట. అన్నీ కనిపెడతాననుకునేవాణ్ణి, అది కనిపెట్టలేదు. ఆ కాసేపూ ఆమెని నమ్మాను. బస్సు వెళ్ళిపోయాక, నమ్మించడం తెలిసినవాళ్ళు చెప్పే కథ కూడా ఇలాగే ఉంటుంది కదా అనుకున్నాను. నేను సొంతంగా పంపిన సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు.

సోమవారం పొద్దున ఆమె ఫోన్ చేసింది. యార్డువాళ్ళు పిలిచారు, బుధవారం పదకొండుకి వీడియోలో ఇంటర్వ్యూ, ఆఫీసుకి రండి అంది. గొంతులో సంతోషం దాచుకోలేదు. అదే మధ్యాహ్నం నా ఫోన్‌కి యార్డు నుంచి నేరుగా ఉత్తరం వచ్చింది. బుధవారం పదకొండున్నరకి.

మావయ్యకి చూపించాను. ఆయన గ్రైండర్ ఆపేశాడు.

"మరి పదకొండుకి కూర్చునేది ఎవడ్రా?"

నాకు తోచింది కూడా అదే. నా పేరు మీద ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. అరగంట పోయాక నేను వెళ్తే, ఆ మనిషి వచ్చి వెళ్ళాడంటారు. అలా అయితే నాకు ఫోన్ చేసి చెప్పడం దేనికని అడిగాను.

"నువ్వు అనుమానించకుండా," అన్నాడు మావయ్య.

ఆ మాటకి ఇంక తిరుగు లేదు.

మంగళవారం పట్టపగలు దొంగని పట్టుకునేవాడిలా మెట్లెక్కాను. బెంచీ మీద కూర్చోలేదు. నా పేరు మీద ఎవర్ని కూర్చోబెడుతున్నారని అడిగాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆమె తనకి వచ్చిన ఉత్తరం ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. నా ఫోన్‌ని దాని పక్కన పెట్టాను.

ఆమె ముందు తన ఉత్తరం తెలుగులో చదివింది. అడుగున యార్డు గుమాస్తా ఒక ముక్క రాశాడు. మీ అభ్యర్థి ఇంటి నుంచే, అదే పుట్టినరోజుతో, ఇంకొకతను మాకు నేరుగా దరఖాస్తు పంపాడు. కవలలు కాబోలు. ఒకరి పేరు తిరగేసి ఇంకొకరికి పెట్టడం మీవైపు అలవాటేమో. అన్నని పదకొండుకి, తమ్ముణ్ణి పదకొండున్నరకి చూస్తాం. ఉన్నది ఒక్క ఉద్యోగం, ఇంట్లో తగువు పడరని ఆశిస్తాం.

తరవాత నా ఫోన్ చూసింది. చాలాసేపు చూసింది.

"మొదటి గడిలో ఇంటిపేరు రాశారు."

"ఫస్ట్ అని ఉంది."

ఆమెకి నవ్వు వచ్చేదే. రాలేదు. ఆ దరఖాస్తు ఎప్పుడు పంపానో ఫోన్‌లో తేదీ ఉంది. సంతకం పెట్టిన నాలుగో రోజు.

వెనక గదిలోంచి సారు వచ్చాడు. అంతా విని, నేననుకున్నట్టు తిట్టలేదు, ముచ్చటపడ్డాడు. కవలలైతే మరీ మంచిదన్నాడు. ఒక మనిషికి రెండు అవకాశాలు. పదకొండుకి అన్నగా కూర్చో, కింద సెలూన్‌కి వెళ్ళి మీసం తీయించుకుని పదకొండున్నరకి తమ్ముడిగా కూర్చో, ఎవరు నెగ్గితే వాళ్ళు వెళ్తారు అన్నాడు. తమాషాకి అంటున్నాడేమో అని చూశాను. తమాషాకి కాదు.

ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆమె ఆగింది.

"మా తరఫున వెళ్ళిన దరఖాస్తు రేపు పొద్దున్నే వెనక్కి తీసేస్తాను," అంది మెల్లగా. "మీరు ఇంటి దగ్గరే పదకొండున్నరకి కూర్చోండి. అన్నయ్య మానుకున్నాడని చెప్పండి. పనైపోతుంది."

మీ సారు మిమ్మల్ని ఊరికే వదులుతాడా అన్నాను. అది నేను చూసుకుంటానంది. ఎందుకు చేస్తున్నారని అడిగాను.

"మీకా ఉద్యోగం కావాలి కాబట్టి." నా ఫోన్ నావైపు జరిపింది. "పంపనని చెప్పారు. నేను నమ్మాను. ఆ బెంచీ మీద కూర్చుని ఇన్నాళ్ళూ నన్ను కనిపెట్టారు కదా, అబద్ధం ఉన్నది మాత్రం మీ దగ్గరే."

ఇంటికి నడిచే వెళ్ళాను. దారంతా ఆమె మాటలో మెలిక కోసం వెతికాను. తీసేస్తానని చెప్పి తీయకపోతే? ఆమెకేం లాభం. నిజంగా తీసేస్తే? సారు చేత మాట పడేది ఆమె, ఉద్యోగం వచ్చేది నాకు. ఎటునుంచి చూసినా నష్టం ఆమె వైపే తేలుతోంది. మా వీధి మలుపు దాకా వెతికి, ఇంక వెతకడానికి సిగ్గేసింది.

ఇంట్లో చెబితే, తీసేస్తానంటోంది కదా, నోరు మూసుకుని కూర్చో అన్నాడు మావయ్య. నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చిన పనే. అయినా బుధవారం తొమ్మిదికి ఆమె తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. తీయొద్దన్నాను. పదకొండుకి ఇక్కడే కూర్చుంటానన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. మీసం ఉందో లేదో అనుకుంటా.

పదకొండుకి తెర మీదికి ఫోర్‌మన్ వచ్చింది. అవును, వచ్చింది. నెరిసిన జుట్టు, వేళ్ళ నిండా రవ్వలు పడిన మచ్చలు. ఒకప్పుడు వెల్డింగ్ రాడ్డు పట్టిన మనిషేనని చూడగానే తెలిసింది. నా ఇంగ్లీషు రెండు వాక్యాలు దాటదు కాబట్టి, ఆఫీసులో ఆమె నా పక్క కుర్చీలో కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలి. ఫోర్‌మన్ మొదటి ప్రశ్నే అది వేసింది. మీ తమ్ముడు బాగున్నాడా అని.

నేను ఆమెవైపు తిరగకుండా, తెరవైపే చూసి చెప్పాను.

"తమ్ముడు లేడు. రెండూ నేనే. సొంతంగా పంపనని ఈవిడకి మాటిచ్చి, దొంగచాటుగా పంపాను. ఈవిడకి తెలియదు."

ఆమె ఇంగ్లీషులో చెప్పింది. నేను చెప్పినంత పొడుగు లేదు. అందులో 'ఫామ్' వినబడింది, 'మిస్టేక్' వినబడింది. ఫామ్ నింపడంలో పొరపాటు, అంతే, అంటోందన్నమాట. ఇన్ని వారాలు కనిపెట్టినందుకు ఆమెని అబద్ధంలో పట్టుకున్నాను. అది నన్ను కాపాడే అబద్ధం.

"నో మిస్టేక్," అన్నాను ఫోర్‌మన్‌తో. "ఐ లై. షీ గుడ్."

ఫోర్‌మన్ వంగి, నాలుగు ఫోటోలు ఎత్తి కెమెరాకి చూపించింది. ఏజెన్సీ నుంచి వెళ్ళినవి రెండు, నేను పంపినవి రెండు. అతుకు మధ్యలో రాడ్డు మార్చిన ప్రతిచోటా ఎడమకి సన్నని వంక ఉంది, నాలుగింట్లోనూ. గుమాస్తా పేర్లు చూసి కవలలనుకున్నాడు, నేను చేతిపని చూసి ఒక్కడే అనుకున్నాను, అందట. నేను అన్నలా కూర్చుని ఉంటే రెండు కాగితాలూ చింపేసేదట. ఓడ ట్యాంకులో ఒంటరిగా అతుకు వేసేవాడు, అది చెడితే చెడిందని వచ్చి చెప్పాలి. నాకు కావలసింది అలాంటివాడు, అంది. ఇదంతా ఆమె నాకు తెలుగులో చెప్పింది, ఒక్క ముక్క తగ్గించకుండా.

ఏ దరఖాస్తు ఉంచమంటావని చివరికి ఫోర్‌మన్ అడిగింది. ఆఫీసుదే ఉంచమన్నాను.

ఉద్యోగం వచ్చింది. ఆమె కంప్యూటర్ ఆపి నావైపు తిరిగింది.

"వాళ్ళకి నిజం చెప్పారు. నాకు అబద్ధం చెప్పారు. నేను మీలో ఏ మనిషిని గుర్తుపెట్టుకోవాలి?" అంది.

తరవాత కాగితాల పని నెలన్నర పట్టింది. అనుమానం బల్ల అటువైపుకి మారింది. నేను తెచ్చిన ప్రతి కాగితాన్నీ వెలుతురుకి ఎత్తి చూసేది. మెడికల్ రిపోర్టు మీద సంతకం నిజంగా డాక్టరుదేనా అని ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. కాపలాదారు అనడం మానేసింది. 'అండీ' అనేది, రెండు 'అండీ'ల దూరంలో కూర్చోబెట్టేది. వాన వచ్చిన రోజు ముందే వెళ్ళిపోయింది.

ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుందనగా అత్తయ్య నా కంచం ముందు కూర్చుని, ఏరా, అన్నం తినకుండా మెతుకులు లెక్కపెడుతున్నావేం అంది. చెప్పాను. మర్నాడే ఆవిడ నాకు చెప్పకుండా తయారై, నా తరఫున మాట్లాడతానని ఆ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళి, గంటలో తిరిగివచ్చింది. ఆ పిల్ల టీ ఇచ్చి మర్యాదగానే మాట్లాడిందట. గుమ్మం దాకా వచ్చి, వినడానికి నేను సిద్ధమే పిన్నిగారూ, కానీ మధ్యలో మనిషి ఉంటే ఏది ఎవరి మాటో తెలియడం లేదు, చెప్పేదేదో ఆయన్నే వచ్చి చెప్పమనండి అందట.

మావయ్య మొదటిసారి ఆ పిల్లని మెచ్చుకున్నాడు.

మూడు రోజులు ఆగి, ఆదివారం పొద్దున వెళ్ళాను. రెండో అంతస్తు, వరండాలో ఆరేసిన బట్టలు, పాత కరెంటు స్విచ్చులు కుప్పగా పోసిన బుట్ట. తలుపు ఆమే తీసింది, గొలుసు తీయకుండా, జానెడు. పిలిచింది నేనే కాబట్టి వస్తారనుకున్నాను, మూడు రోజులు ఎందుకు పట్టిందని అడిగింది.

"భయమేసింది," అన్నాను.

"దేనికి?"

"మీరు సరేనంటే నాకు వెళ్ళబుద్ధి కాదు."

దారిలో పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మిగిలినవే చెప్పాను. "మీరంటే నాకిష్టం. కాంట్రాక్టు రెండేళ్ళు. ఆగుతారా అని అడగడానికి వచ్చాను. ఆగనంటే అది కూడా మీ నోటితోనే వినాలని వచ్చాను."

ఎడమ చెవి వెనక జుట్టు సర్దుకుంది. అది నిలవలేదు.

"నాకు ఇంకా నమ్మకం కుదరలేదు," అంది. "రెండేళ్ళు పడుతుందేమో."

"పట్టనివ్వండి."

"వారం వారం ఫోన్ చెయ్యాలి. మీరు మాట్లాడాలి. ఊఁ కొడితే కుదరదు."

"ఊఁ," అన్నాను.

ముక్కు చివర కదిలింది. ఈసారి దాచుకోవాలని చూసి కూడా దాచుకోలేకపోయింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. వాళ్ళ నాన్న. కొత్తవాళ్ళెవరొచ్చినా ఆయన గుమ్మంలోనే నిలబెట్టి, ఏ పని మీద వచ్చావు, ఎవరు పంపారు అని పది ప్రశ్నలు వేస్తాడని అత్తయ్య ముందే చెప్పింది. ఆవిడకి టీ వచ్చింది పదో ప్రశ్న తరవాతేనట.

"ఎవరమ్మా వచ్చింది?" అని అరిచాడాయన.

ఆమె నావైపే చూస్తూ, చప్పుడు కాకుండా తలుపు గొలుసు తీసింది.

"మనవాళ్ళే నాన్నా."